చెప్పుల దుకాణం నుంచి ఆచార్య పీఠానికి: జార్జ్ బూల్ జీవితం



లెక్కల పేరు చెబితే మన హాస్టల్ పిల్లల్లో చాలామందికి గుండె దడ. తెలుగు, సాంఘికశాస్త్రం ఎలాగో గట్టెక్కిస్తాం. లెక్కల దగ్గరకు వచ్చేసరికి మన తలరాత ఇంతేనని పుస్తకం మూసేస్తాం. ఇంటికి వెళ్తే చెప్పేవారు ఉండరు. అమ్మానాన్న కూలి నుంచి వచ్చేసరికి పొద్దుగూకుతుంది. ట్యూషన్‌కు పంపే స్తోమత ఉండదు. చివరికి లెక్కలు పెద్దింటి పిల్లలకే వస్తాయనీ, మనకు రావనీ ఒక నమ్మకం మనసులో పాతుకుపోతుంది. ఆ నమ్మకం వల్ల పదో తరగతిలోనే చదువు ఆగిపోయినవాళ్ళు మన ఊళ్ళలో ఎంతమందో!

ఆ నమ్మకం తప్పని చెప్పడానికి ఒక మనిషి జీవితం చాలు. ఆయన పేరు జార్జ్ బూల్. చెప్పులు కుట్టే తండ్రికి పుట్టారు. కాలేజీ మెట్లెక్కి చదువుకోలేదు. లెక్కలు తనంతట తానే నేర్చుకున్నారు. ఈనాడు మన చేతిలోని సెల్‌ఫోన్ లోపల, కంప్యూటర్ లోపల నడిచే లెక్కకు పునాది వేసినవారిలో ఆయన ఒకరు. కంప్యూటర్ కోర్సుల్లో చేరినవారు బూలియన్ ఆల్జీబ్రా అనే పాఠం చదువుతారు. ఆ పేరు ఈయనదే.

పేద ఇంటి పెద్ద కొడుకు

జార్జ్ బూల్ 1815 నవంబరు 2న ఇంగ్లండులోని లింకన్ పట్టణంలో పుట్టాడు. తండ్రి జాన్ బూల్ చెప్పులు, బూట్లు కుట్టి అమ్మేవాడు. తల్లి మేరీ ఆన్ పెళ్ళికి ముందు ఒక పెద్ద ఇంట్లో పనిమనిషి. నలుగురు పిల్లల్లో జార్జ్ పెద్దవాడు.

అక్కడ చెప్పులు కుట్టే వృత్తికి మన దేశంలో ఉన్నలాంటి అంటరానితనం లేదు. ఆ సంగతి ముందే చెప్పుకోవాలి. కానీ పేదరికం ఉంది. పెద్ద చదువులు డబ్బున్నవాళ్ళవే అనే పద్ధతి ఉంది. చెప్పులు కుట్టేవాడి కొడుకు కేంబ్రిడ్జికో ఆక్స్‌ఫర్డుకో వెళ్ళడమంటే జరిగే పని కాదు.

జాన్ బూల్ మంచి పనివాడే కానీ ఆయన మనసు దుకాణం మీద కంటే దుర్భిణుల మీద, యంత్రాల మీద ఎక్కువగా ఉండేది. తన చేతులతో టెలిస్కోపు తయారుచేసి, ఆకాశంలోని వింతలు చూడాలనుకునేవారు లోపలికి రావచ్చని దుకాణం కిటికీలో ప్రకటన పెట్టాడట. ఇలాంటి మనిషికి వ్యాపారం కలిసిరాలేదు. కానీ కొడుకుకు మాత్రం ఆయన గొప్ప ఆస్తి ఇచ్చాడు. లెక్కల్లో మొదటి గురువు ఆ తండ్రే.

జార్జ్ మామూలు ప్రాథమిక పాఠశాలలో చదివి, 1828లో ఒక వాణిజ్య పాఠశాలలో చేరాడు. అతనికి లాటిన్, గ్రీకు నేర్చుకోవాలని కోరిక. ఆ రోజుల్లో ఆ భాషలు వస్తేనే చదువుకున్నవాడని లెక్క. విలియం బ్రూక్ అనే పుస్తకాల వ్యాపారి లాటిన్ మొదలుపెట్టించాడు. గ్రీకు మాత్రం జార్జ్ సొంతంగానే నేర్చుకున్నాడు. పద్నాలుగేళ్ళ వయసులో ఒక గ్రీకు కవితను ఇంగ్లీషులోకి అనువదిస్తే, తండ్రి మురిసిపోయి దాన్ని ఊరి పత్రికలో అచ్చు వేయించాడు. వెంటనే ఆ ప్రాంతంలోని ఒక బడిపంతులు పత్రికకు ఉత్తరం రాశాడు. ఈ వయసు కుర్రవాడు ఇలా అనువదించడం అసాధ్యం, ఇది ఎక్కడినుంచో ఎత్తి రాసినదే అని ఆయన ఆరోపణ.

మనలో ఎవరికైనా మంచి మార్కులు వస్తే పక్కవాడి పేపరు చూసి రాశాడని అనేవాళ్ళు ఇప్పుడూ ఉన్నారు. అప్పుడూ ఉన్నారన్నమాట.

పదహారేళ్ళకే ఇంటి భారం

1831 వచ్చేసరికి తండ్రి వ్యాపారం పూర్తిగా దెబ్బతింది. పదహారేళ్ళ జార్జ్ చదువు మానేసి డాంకాస్టర్ అనే ఊళ్ళోని ఒక బోర్డింగ్ పాఠశాలలో సహాయ ఉపాధ్యాయుడిగా చేరాడు. అప్పటినుంచి అమ్మానాన్నలకూ తోబుట్టువులకూ అతనే ఆధారం. పగలంతా పిల్లలకు పాఠాలు చెప్పాలి. రాత్రి వాళ్ళను కనిపెట్టుకుని ఉండాలి. మిగిలిన కాస్త సమయంలో చదువుకోవాలి.

ఆ ఉద్యోగం రెండేళ్ళే నిలిచింది. అది మతనిష్ఠ గట్టిగా ఉన్న పాఠశాల. ఈ పంతులు ఆదివారం పూట కూడా లెక్కలు చేస్తున్నాడనీ, ప్రార్థన సమయంలో కూడా మనసులో లెక్కలే చేసుకుంటున్నాడనీ తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారట. ఆ తర్వాత కొంతకాలం లివర్‌పూల్‌లో, మరికొంత కాలం లింకన్ దగ్గరి వాడింగ్టన్ అనే పల్లెలో పంతులుగా పనిచేశాడు. 1834లో, పందొమ్మిదేళ్ళకే, లింకన్‌లో సొంతంగా ఒక చిన్న బడి పెట్టాడు. తర్వాత వాడింగ్టన్ పాఠశాలను కూడా తానే తీసుకుని, ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని నడిపాడు. పదిహేనేళ్ళ పాటు ఇలా బడులు నడిపిన సంపాదనతోనే ఆ ఇల్లు గడిచింది.

ఎక్కువ రోజులు వచ్చే పుస్తకం

ఇంతకీ బూల్ లెక్కల వైపు ఎందుకు తిరిగారు? పెద్ద ఆశయం ఏదో ఉందనుకుంటాం. ఆయన చెప్పిన కారణం వింటే నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. పుస్తకాలు కొనడానికి డబ్బు తక్కువ. కథల పుస్తకమో కవితల పుస్తకమో కొంటే నాలుగు రోజుల్లో అయిపోతుంది. లెక్కల పుస్తకం కొంటే నెలల తరబడి వస్తుంది. పెట్టిన డబ్బుకు అదే గిట్టుబాటు!

అలా చేతికి వచ్చిన వాటిలో ముఖ్యమైనది ఫ్రెంచి గణితవేత్త లాక్రువా రాసిన కలన గణితం పుస్తకం. అది ఫ్రెంచి భాషలో ఉంది. అంటే ముందు ఫ్రెంచి నేర్చుకోవాలి, తర్వాత లెక్కలు. బూల్ ఫ్రెంచి, జర్మన్, ఇటాలియన్ భాషలు కూడా సొంతంగానే నేర్చుకున్నారు. ఇంగ్లీషు మీడియం పుస్తకం చూసి బెదిరిపోయే మనం ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. భాష, విషయం రెండూ ఒకేసారి ఎదురైనప్పుడు ఆయన కూడా మెల్లగానే నడిచారు.

లాక్రువా తర్వాత న్యూటన్, లాప్లాస్, లాగ్రాంజ్ వంటి మహామహుల గ్రంథాలు పట్టారు. ఆయన ఊరికే చదివి పక్కన పెట్టేవారు కాదు. కలం, కాగితం పట్టుకుని ప్రతి మెట్టూ తానే మళ్ళీ చేసి చూసుకునేవారు. లాగ్రాంజ్ పుస్తకం చదువుతూ రాసుకున్న నోట్సు నుంచే ఆయన తొలి పరిశోధన వ్యాసాల్లో ఒకటి పుట్టింది.

ఇక్కడ ఒక నిజం దాచకూడదు. గురువు లేకుండా తానే నేర్చుకోబోయి దాదాపు ఐదేళ్ళు వృథా చేసుకున్నానని బూల్ తర్వాతి కాలంలో బాధపడ్డారు. మంచి గురువు ఉండి ఉంటే ఆ ఐదేళ్ళు మిగిలేవని ఆయన అభిప్రాయం. సొంతంగా చదివి పైకొచ్చినవారి కథలు చెప్పేటప్పుడు ఈ మాటను చాలామంది వదిలేస్తారు. గురువు అక్కర్లేదు, పట్టుదల ఉంటే చాలు అంటారు. సొంతంగా నేర్చుకున్న ఆ మనిషే అలా అనలేదు.

పుస్తకాలు ఎవరిచ్చారు?

బూల్‌కు పుస్తకాలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. లింకన్‌లో ఒక చర్చి ఫాదరీ లాక్రువా పుస్తకం అరువిచ్చారు. పనివాళ్ళ కోసం అప్పుడే మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ మొదలైంది. పగలు పని చేసుకునేవారు సాయంత్రాలు వచ్చి చదువుకోవడానికి అక్కడ గ్రంథాలయం, తరగతులు ఉండేవి. తండ్రి జాన్ బూల్ దాని సంరక్షకుడు. కొడుక్కి ఆ పుస్తకాలన్నీ అందుబాటులోకి వచ్చాయి. తర్వాత బూల్ అక్కడే పనివాళ్ళకు పాఠాలు కూడా చెప్పారు.

1835లో ఆ సంస్థకు న్యూటన్ విగ్రహం ఒకటి బహుమానంగా వచ్చింది. న్యూటన్ కూడా ఆ జిల్లాలోనే పుట్టినవాడు. ఆ సభలో న్యూటన్ గురించి ప్రసంగించే అవకాశం పందొమ్మిదేళ్ళ బూల్‌కు దక్కింది. ఆ ప్రసంగం తర్వాత పుస్తకంగా అచ్చయింది.

లింకన్ దగ్గర్లోనే సర్ ఎడ్వర్డ్ బ్రోమ్‌హెడ్ అనే జమీందారు ఉండేవారు. ఆయన కేంబ్రిడ్జిలో గణితం చదువుకున్న మనిషి. తన సొంత గ్రంథాలయం నుంచి బూల్‌కు పుస్తకాలు ఇచ్చేవారు. నాటింగ్‌హామ్‌లో పిండిమర నడుపుకుంటూ సొంతంగా గణితం నేర్చుకున్న జార్జ్ గ్రీన్‌ను ప్రోత్సహించినవారు కూడా ఈయనే. ఒక్క మనిషి తన బీరువా తలుపు తెరిస్తే ఇద్దరు గొప్ప గణితవేత్తలకు దారి దొరికింది.

కేంబ్రిడ్జి ప్రయాణం

1839లో బూల్ కేంబ్రిడ్జి వెళ్ళారు. విద్యార్థిగా కాదు. అక్కడ కొత్తగా వస్తున్న గణిత పత్రికకు సంపాదకుడైన డంకన్ గ్రెగరీని కలవడానికి. గ్రెగరీ తనకంటే రెండేళ్ళే పెద్ద. సొంతంగా నేర్చుకున్నవారికి ఒక ఇబ్బంది ఉంటుంది. ఆలోచన కొత్తగా ఉన్నా, దాన్ని పదిమందికీ అర్థమయ్యే పద్ధతిలో రాయడం తెలియదు. ఆ పద్ధతి గ్రెగరీ నేర్పారు. 1840 నుంచి బూల్ వ్యాసాలు ఆ పత్రికలో వరుసగా వచ్చాయి.

ఆ రోజుల్లోనే కేంబ్రిడ్జిలో చేరి డిగ్రీ చేయాలని బూల్‌కు ఆశ కలిగింది. కానీ ఖర్చు చాలా ఎక్కువ. పైగా ఆయన బడి మూసేస్తే అమ్మానాన్నలకు తిండి ఎలా? ఆ ఆశను ఆయన వదులుకున్నారు. ఇంటి కోసం చదువు వదులుకున్న అన్నలూ అక్కలూ మన ఇళ్ళలో ఉన్నారు కాబట్టి ఈ బాధ మనకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఆయన డిగ్రీని వదిలారు కానీ చదువును వదల్లేదు.

1844లో అవకలన సమీకరణాలను సాధించే ఒక సాధారణ పద్ధతి గురించి పెద్ద వ్యాసం రాసి లండన్ రాయల్ సొసైటీకి పంపారు. చిన్న ఊళ్ళో బడి నడుపుకునే, ఏ డిగ్రీ లేని మనిషి రాసిన ఆ వ్యాసానికి ఆ ఏడాది రాయల్ మెడల్ ఇచ్చారు. అప్పటికి ఆయనకు ఇరవై తొమ్మిదేళ్ళు.

పనివాళ్ళకు చదువుకునే వేళ

బూల్ తన చదువు తాను చూసుకుని ఊరుకోలేదు. ఆ కాలంలో దుకాణాల్లో పనిచేసే కుర్రవాళ్ళకు రాత్రి పొద్దుపోయేదాకా పనే. చదువుకుందామన్నా వేళ ఉండదు. దుకాణాలు పెందలాడే మూయాలని లింకన్‌లో ఒక సంఘం ఉద్యమం నడిపితే బూల్ అందులో నిలబడ్డారు. 1847లో ఆ సంఘం సభలో, దొరికిన తీరిక వేళను సరిగ్గా వాడుకోవడం గురించి ప్రసంగించారు.

పేదవాడు చదవకపోవడానికి తెలివి లేకపోవడం కారణం కాదు, వేళ లేకపోవడం కారణం అని ఆయనకు అనుభవంతో తెలుసు. మన హాస్టల్‌లో సాయంత్రం స్టడీ అవర్ గంట కొట్టినప్పుడు విసుక్కుంటాం. ఇంటి దగ్గరుంటే ఆ వేళకు నీళ్ళు మోస్తూనో, పశువులను కట్టేస్తూనో, చిన్నపిల్లలను ఎత్తుకుంటూనో ఉండేవాళ్ళం. ఆ రెండు గంటల కోసం ఒకప్పుడు మనుషులు ఉద్యమాలు చేశారు.

ఆలోచనకు ఒక లెక్క

1847లోనే బూల్ తర్కశాస్త్రాన్ని గణితంగా మార్చి చూపించే చిన్న పుస్తకం ఒకటి ప్రచురించారు. సరిగ్గా అదే ఏడాది లండన్‌లో ఆగస్టస్ డీ మోర్గాన్ అనే మరో గణితవేత్త తర్కం మీదే పుస్తకం తెచ్చారు. ఇద్దరూ మంచి స్నేహితులు. ఈ డీ మోర్గాన్ పుట్టింది మన పక్క రాష్ట్రంలోని మదురైలో. సమితులు పాఠంలో వచ్చే డీ మోర్గాన్ సూత్రాలు ఈయన పేరు మీదివే.

బూల్ కనుగొన్నదేమిటో మన భాషలో చెప్పుకుందాం. హాస్టల్ పిల్లలందరూ వరండాలో నిలబడ్డారనుకోండి. వాళ్ళలోంచి పదో తరగతి వాళ్ళను ఎంచడాన్ని క అందాం. కబడ్డీ ఆడేవాళ్ళను ఎంచడాన్ని గ అందాం. ముందు కబడ్డీ ఆడేవాళ్ళను ఎంచి, వాళ్ళలోంచి పదో తరగతి వాళ్ళను ఎంచితే మిగిలేవారు క × గ. ఈ వరస తిప్పి చేసినా మిగిలేది వాళ్ళే. కాబట్టి క × గ = గ × క. ఇంతవరకు మామూలు గుణకారంలాగే ఉంది.

ఇప్పుడు పదో తరగతి వాళ్ళలోంచి మళ్ళీ పదో తరగతి వాళ్ళనే ఎంచండి. ఎవరొస్తారు? వాళ్ళే వస్తారు. అంటే క × క = క. మామూలు అంకెల్లో ఇలా జరిగేవి రెండే: 0, 1. సున్నాను సున్నాతో గుణిస్తే సున్నా, ఒకటిని ఒకటితో గుణిస్తే ఒకటి. అందుకే బూల్ 1 అంటే అందరూ అనీ, 0 అంటే ఎవరూ లేరనీ తీసుకున్నారు. అప్పుడు 1 − క అంటే పదో తరగతి కానివాళ్ళు.

ఇక మన తొమ్మిది, పదో తరగతుల్లో చేసే కారణాంకాల లెక్కే. క × క = క అయితే, క × (1 − క) = 0. దీని అర్థం ఏమిటి? పదో తరగతి అయి ఉండి, అదే సమయంలో పదో తరగతి కానివాడు ఎవడూ లేడు! ఒక మాట నిజమూ కావడం, అబద్ధమూ కావడం ఒకేసారి కుదరదు అన్నది అరిస్టాటిల్ కాలం నుంచీ తర్కానికి మూలసూత్రం. రెండు వేల ఏళ్ళుగా మాటల్లో చెబుతున్న ఆ సూత్రం ఒక చిన్న సమీకరణం నుంచి బయటికి వచ్చింది. కారణాంకాలు ఎందుకు పనికొస్తాయని అడిగేవారికి ఇంతకంటే మంచి జవాబు నాకు తెలియదు.

ఈ ఆలోచనను విస్తరించి 1854లో ఆలోచనా నియమాల పరిశోధన అనే అర్థం వచ్చే పేరుతో పెద్ద గ్రంథం ప్రచురించారు. బూల్ పేరు నిలిచింది ఎక్కువగా ఆ గ్రంథం వల్లనే.

డిగ్రీ లేని ప్రొఫెసర్

ఐర్లండులో కొత్తగా క్వీన్స్ కాలేజీలు పెడుతున్నారని తెలిసి బూల్ 1846లో దరఖాస్తు చేశారు. తాను ఏ విశ్వవిద్యాలయంలోనూ చదవలేదనీ, ఏ కాలేజీకీ వెళ్ళలేదనీ దాపరికం లేకుండా రాశారు. డీ మోర్గాన్, విలియం థామ్సన్, కేలీ వంటి పెద్ద శాస్త్రవేత్తలు ఆయన తరఫున సిఫారసు పత్రాలు ఇచ్చారు. అయినా మూడేళ్ళు ఎదురుచూడవలసి వచ్చింది. ఈలోగా 1848 డిసెంబరులో తండ్రి కన్నుమూశారు. టెలిస్కోపు చేసి కొడుక్కి ఆకాశం చూపించిన ఆ చెప్పుల పనివాడు కొడుకు ప్రొఫెసరు కావడం చూడలేకపోయారు.

1849లో కార్క్ నగరంలోని క్వీన్స్ కాలేజీకి తొలి గణితశాస్త్ర ఆచార్యుడిగా బూల్ నియమితులయ్యారు. అప్పుడు ఐర్లండు ఘోరమైన కరువులో ఉంది. బంగాళాదుంప పంట తెగులుతో పోయి లక్షలాది మంది చనిపోయిన కాలమది. ఆ నగరంలోనే ఆయన మిగిలిన పదిహేనేళ్ళూ పాఠాలు చెప్పారు. అవకలన సమీకరణాల మీద 1859లో రాసిన పాఠ్యపుస్తకాన్ని కేంబ్రిడ్జిలో కూడా చదివారు. తాను చేరలేకపోయిన చోటికి తన పుస్తకం వెళ్ళింది. 1857లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యుడిగా ఎన్నుకుంది. డబ్లిన్, ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయాలు గౌరవ డిగ్రీలు ఇచ్చాయి.

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషిని నేను. ఆ కాగితం కోసం ఇంట్లోవాళ్ళు ఎంత ఎదురుచూశారో నాకు తెలుసు. అందుకే డిగ్రీ అక్కర్లేదని నేను మీకు చెప్పను. బూల్‌కు వచ్చిన ప్రతి అవకాశం డిగ్రీ లేనందువల్ల ఆలస్యమైంది. మనకు ఫీజు రీయింబర్స్‌మెంటు, స్కాలర్‌షిప్పులు, రిజర్వేషన్లు ఉన్నాయి. ఆయనకు మూసుకున్న తలుపు మనకు కొంతైనా తెరుచుకుంది. దాన్ని దాటాలంటే ముందు లెక్కల పరీక్ష దాటాలి.

బూల్ ఇల్లు

1855లో బూల్ మేరీ ఎవరెస్ట్‌ను పెళ్ళి చేసుకున్నారు. ఈమె పెద్దనాన్న సర్ జార్జ్ ఎవరెస్ట్. ప్రపంచంలోకెల్లా ఎత్తయిన శిఖరానికి పెట్టింది ఈయన పేరే. ఎవరెస్ట్ భారతదేశంలో భూమి కొలతల పనిలో చేరిన కొత్తలో, 1819 ప్రాంతంలో, నిజాం రాజ్యంలో కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో తిరిగి జ్వరంతో మంచం పట్టారు. కాబట్టి ఆ ఇంటికీ మన నేలకూ చిన్న చుట్టరికం ఉందనుకోవచ్చు.

మేరీకి కూడా లెక్కలంటే ప్రాణం. ఆడపిల్లలకు విశ్వవిద్యాలయాలు తలుపు తెరవని కాలం. పెళ్ళికి ముందే బూల్ ఆమెకు ఉత్తరాల ద్వారా గణితం నేర్పారు. తర్వాతి రోజుల్లో ఆమె పిల్లలకు లెక్కలు ఆటలా నేర్పడం గురించి పుస్తకాలు రాశారు. అట్టముక్క మీద సూదీ దారంతో తిన్నని గీతలు కుట్టి వక్రరేఖ తెప్పించే పద్ధతి ఆమె ప్రచారం చేసినదే.

వాళ్ళకు ఐదుగురు ఆడపిల్లలు. మూడో అమ్మాయి అలీషియా కాలేజీ చదువు లేకుండానే నాలుగు కొలతల ఆకారాల మీద పరిశోధన చేసి, 1914లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ విశ్వవిద్యాలయం నుంచి గౌరవ డాక్టరేటు అందుకుంది. లూసీ రసాయనశాస్త్రం బోధించింది. చిన్నమ్మాయి ఎథెల్ పేరున్న నవలా రచయిత్రి అయింది.

వానలో చివరి పాఠం

1864 నవంబరు 24న బూల్ ఇంటి నుంచి కాలేజీకి నడిచి బయలుదేరారు. సుమారు మూడు మైళ్ళ దూరం. దారిలో కుండపోత వాన. తడిసిన బట్టలతోనే తరగతికి వెళ్ళి పాఠం చెప్పారు. ఇంటికి వచ్చేసరికి జ్వరం, తర్వాత న్యుమోనియా. డిసెంబరు 8న కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు నలభై తొమ్మిది. చిన్నమ్మాయి అప్పటికి నెలల పిల్ల. మేరీకి ప్రభుత్వం కొద్దిపాటి పింఛను ఇచ్చింది. ఆమె లండన్‌లో ఒక మహిళా కాలేజీలో లైబ్రేరియన్‌గా పనిచేసి పిల్లలను పెంచారు.

డెబ్భై మూడేళ్ళ తర్వాత

బూల్ బతికి ఉన్నంతకాలం ఆయన తర్కపు లెక్క యంత్రాలకు పనికొస్తుందని ఎవరూ అనుకోలేదు. 1937లో అమెరికాలో క్లాడ్ షానన్ అనే ఇరవై ఒక్కేళ్ళ పి.జి. విద్యార్థి తన సిద్ధాంత వ్యాసంలో ఒక సంగతి చూపించారు. కరెంటు స్విచ్చికి రెండే స్థితులు, వేసి ఉండటం, ఆపి ఉండటం. బూల్ లెక్కలో కూడా రెండే, 1, 0. రెండు స్విచ్చులు ఒకదాని వెనుక ఒకటి ఉంటే రెండూ వేస్తేనే బల్బు వెలుగుతుంది. అది క × గ. పక్కపక్కన ఉంటే ఏ ఒక్కటి వేసినా వెలుగుతుంది. అది క + గ. తర్వాతివారు కొంత మెరుగుపరిచిన బూల్ బీజగణితంతో ఎంత పెద్ద సర్క్యూట్‌నైనా కాగితం మీద లెక్క కట్టవచ్చని తేలింది. డిజిటల్ యంత్రాలన్నిటి రూపకల్పనకూ ఈ లెక్కే ఆధారమైంది.

మనం పట్టుకోవలసినవి

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మనందరం బూల్ అంతవారం కాలేం. కానవసరమూ లేదు. పదో తరగతిలో లెక్కలు దాటితే పాలిటెక్నిక్ ఉంది, ఇంటర్ ఎంపీసీ ఉంది, ఉద్యోగ పరీక్షలున్నాయి. అందుకు ఆయన జీవితం నుంచి నాలుగు విషయాలు పట్టుకుందాం.

మొదటిది, లెక్కల పుస్తకం మెల్లగా చదివే పుస్తకం. ఒక పేజీకి రెండు రోజులు పడితే మనకు తెలివి లేదని కాదు. గైడులోని జవాబు చూసి దించుకుంటే పేజీ తొందరగా తిరుగుతుంది కానీ లెక్క రాదు. జవాబు మూసి, కాగితం మీద ప్రతి మెట్టూ సొంతంగా వేసి చూడాలి. పదో తరగతి లెక్క అర్థం కాకపోతే సిగ్గుపడకుండా ఏడో తరగతి భిన్నాల దగ్గరకు వెళ్ళాలి. ఫ్రెంచి గ్రంథం చదవడానికి ఫ్రెంచి అక్షరాల నుంచి మొదలుపెట్టిన మనిషి మనకు ఆదర్శం.

రెండోది, సొంతంగా చదవాలంటే ఒంటరిగా చదవాలని కాదు. ఫాదరీని, జమీందారును, సంపాదకుణ్ణి, అందరినీ బూల్ అడిగారు. అడగక ముందు పోయినవే ఆ ఐదేళ్ళు. ట్యూటర్ సారు వచ్చిన రోజు రానిది రానట్టు చెప్పండి. ట్యూటర్ లేకపోతే కావాలని వార్డెన్ గారిని అందరూ కలిసి అడగండి. అది మన హక్కు.

మూడోది, నేర్చుకున్నది పక్కవాడికి చెప్పండి. బూల్ జీవితమంతా బడిపంతులుగా చెబుతూనే నేర్చుకున్నారు. ఎనిమిదో తరగతి తమ్ముడికి ఒక లెక్క చెప్పి చూడండి, మీకు ఎక్కడ రాదో మీకే తెలుస్తుంది.

నాలుగోది, స్టడీ అవర్‌ను పోగొట్టుకోవద్దు. రోజుకు రెండే లెక్కలు, కానీ ప్రతిరోజూ. సైన్సుకైనా ఇంగ్లీషుకైనా ఇదే దారి.

ఈసారి లెక్క రాకపోతే పుస్తకం మూసేముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఇది నాకు రాదా, లేక ఇంతవరకు నాకు ఎవరూ చెప్పలేదా? రెండోదే అయితే లేచి వెళ్ళి ఎవరినైనా అడగండి. ఎవరూ లేకపోతే సెలవుల్లో నేను హాస్టల్‌కు వచ్చినప్పుడు నన్ను అడగండి. నాకు వచ్చింది చెబుతాను, రానిది ఇద్దరం కలిసి చేద్దాం.

– ఒక పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ (గణితం)